పదహారు నిండేదాకా ఆగిన కేసు

ఈ కేసులో పిల్లలు ఇద్దరు. అమెరికాలో కాలిఫోర్నియా బే ఏరియాలోని ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) వాళ్లని తల్లి దగ్గర్నుంచి తీసుకునేనాటికి అక్కకి పద్నాలుగు నిండటానికి ఇంకా రెండు నెలలుంది. తమ్ముడికి ఏడేళ్లు. తల్లి మత్తుమందులకి అలవాటు పడింది. అమ్మాయి తండ్రి ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు, పిల్లాడి తండ్రి జైల్లో ఉన్నాడు. మొదట ఇద్దర్నీ రెండు ఊళ్లలో రెండు ఫాస్టర్ ఇళ్లల్లో, అంటే ప్రభుత్వం తరఫున పిల్లల్ని తాత్కాలికంగా చూసుకునే కుటుంబాల దగ్గర, పెట్టారు. కొన్ని నెలలకి ఇద్దరూ అమ్మమ్మ దగ్గరికి చేరారు.

నేను ఆ కౌంటీతో ఒప్పందం ఉన్న ఒక స్వచ్ఛంద సంస్థలో సోషల్ వర్కర్‌ని. బంధువుల ఇళ్లల్లో పెరుగుతున్న ఫాస్టర్ పిల్లల కేసులే ఎక్కువగా చూస్తాను. ఈ కేసు గురించి ఏం రాయబోతున్నానో అమ్మాయికీ అమ్మమ్మకీ చెప్పి, వాళ్లు సరే అన్నాకే రాస్తున్నాను. పేర్లు పెట్టలేదు, గుర్తుపట్టే వివరాలు మార్చాను.

రాయడానికి కారణం ఒక్కటే. పిల్లకి కుటుంబం దొరికిందన్న కారణంతో, పద్దెనిమిది దాటాక అందాల్సిన సాయం ఆగిపోకూడదు. చదువుకి డబ్బు, ఆరోగ్య బీమా, నెలనెలా భృతి, అడిగితే దారి చెప్పే మనిషి, ఇవన్నీ హాస్టల్లోనో పరాయి ఇంట్లోనో ఉన్న పిల్లకి దొరికి, అమ్మమ్మ ఇంటికి వెళ్లిన పిల్లకి దొరక్కపోతే అది అన్యాయం. అమెరికా చట్టంలో దీనికి కొంత దారి ఉంది. అయితే ఆ దారి ఒక పుట్టినరోజు తేదీ మీద ఆధారపడి ఉంది. ఆ తేదీ చూసుకోకుండా కేసు మూసేస్తే పోయింది మళ్లీ రాదు.

అమ్మమ్మ ఇల్లు ఫాస్టర్ ఇల్లుగా ఆమోదం పొందడానికే చాలా కాలం పట్టింది. కాలిఫోర్నియాలో 2017 నుంచి బంధువులైనా, బయటివాళ్లైనా అందరికీ ఒకటే ఆమోద ప్రక్రియ: ఇంటి తనిఖీ, శిక్షణ, వేలిముద్రలు. ఆవిడ వేలిముద్రలు వేస్తే పాతికేళ్ల పైబడిన ఒక కేసు బయటపడింది. దుకాణంలో చిన్న దొంగతనం. ఇలాంటివాటికి మినహాయింపు ఇస్తారు, కాకపోతే అప్పుడేం జరిగిందో ఆవిడే సొంతంగా రాసివ్వాలి. కాగితం ముందుపెట్టుకుని చాలాసేపు కూర్చుంది కానీ పెన్ను కదల్లేదు. "ఇది ఆ ఫైల్లో ఉంటుందా? రేపు పెద్దయ్యాక పిల్లలు చూస్తారా?" అని అడిగింది. ఆవిడ భయం ఆఫీసు గురించి కాదు, మనవడు ఎప్పుడో చదువుతాడేమోనని. ఆ ఉత్తరం పిల్లల ఫైల్లోకి రాదు, ఆవిడ ఆమోదానికి సంబంధించిన ఫైల్లోనే ఉంటుంది. ఆ సంగతి చెప్పాక రాసింది. 2023లో అమెరికా కేంద్ర ప్రభుత్వం బంధువులకి వేరే ప్రమాణాలు పెట్టుకునే వీలు రాష్ట్రాలకి ఇచ్చింది. ఆ మార్పు మాకు కొంచెం ముందే వచ్చి ఉంటే ఆవిడకి ఇంత టెన్షన్ తప్పేది.

ఈ ఆమోదం గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. ఆమోదం పొందిన ఇంట్లో పిల్ల వరసగా ఆరు నెలలు ఉంటేనే, సంరక్షకురాలైన బంధువుకి భృతి ఇచ్చే పథకం వర్తిస్తుంది. ఇక్కడ దాన్ని కిన్‌గ్యాప్ అంటారు. కోర్టు ఆ బంధువుని చట్టబద్ధ సంరక్షకురాలిగా నియమిస్తుంది, ఫాస్టర్ కేసు మూసేస్తుంది, భృతి మాత్రం కొనసాగుతుంది. ఇల్లినాయ్ రాష్ట్రం 1990ల చివర్లో కేంద్రం నుంచి ప్రత్యేక అనుమతి తెచ్చుకుని దీన్ని ప్రయోగంగా నడిపింది. భృతితో సంరక్షకత్వం అనే దారి తెరిచినచోట ఎక్కువ మంది పిల్లలు ఫాస్టర్ వ్యవస్థ నుంచి స్థిరమైన ఇంటికి చేరారని అక్కడ తేలింది. 2008లో వచ్చిన ఫాస్టరింగ్ కనెక్షన్స్ చట్టంతో అది దేశమంతటా రాష్ట్రాలు ఎంచుకోగల పథకం అయింది.

కోలుకుని పిల్లల్ని తిరిగి తీసుకోవడానికి తల్లికి పద్దెనిమిది నెలల గడువు, అందుకు కావాల్సిన సేవలు ఇచ్చారు. చికిత్సలో చేరింది, కొన్నాళ్లు నిలదొక్కుకుంది, మళ్లీ జారిపోయింది. కోర్టు ఆ సేవలు ఆపేసి, పిల్లల శాశ్వత ఏర్పాటు తేల్చే హియరింగ్ పెట్టింది. చట్టం ప్రకారం అది 120 రోజుల్లోపు జరగాలి. మా ఆఫీసుల్లో సెక్షన్ నంబర్ చివరి అంకెలతో దాన్ని 'టూ-సిక్స్ హియరింగ్' అంటాం. అది అక్టోబర్‌కి పడింది. అమ్మాయికి పదహారు నిండేది తర్వాతి ఫిబ్రవరిలో.

దత్తత సంగతి మొదట్లోనే తేలిపోయింది. పన్నెండు దాటిన పిల్ల వద్దంటే కాలిఫోర్నియా కోర్టు తల్లిదండ్రుల హక్కులు రద్దు చేయదు. అమ్మాయి వద్దంది. "మా అమ్మకి ఒంట్లో బాగోలేదు. అంతమాత్రాన ఆమె మా అమ్మ కాకుండా పోతుందా?" అని అడిగింది. అమ్మమ్మదీ అదే మాట. మనవల్ని దత్తత తీసుకోవడమంటే కన్నకూతురి పేరు కాగితం మీంచి కొట్టేయడమేనని ఆవిడ బాధ. సంరక్షకత్వంలో ఆ కొట్టివేత లేదు. తల్లి తల్లిగానే ఉంటుంది, పిల్లల్ని చూడటానికి వస్తుంది, నిర్ణయాలు మాత్రం అమ్మమ్మవి. ఇలాంటి కుటుంబాలకి ఇది రాజీ ఏర్పాటు అని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. ఈ ఇంటికి సరిపోయింది ఇదే.

భృతి దగ్గర మాత్రం ఆవిడకి ఇబ్బంది. "చూడమ్మా, సొంత మనవల్ని పెంచుకోడానికి ప్రభుత్వం దగ్గర డబ్బు తీసుకోవడమేంటి?" అంది. బంధువుల కేసుల్లో ఈ మాట నేను తరచూ వింటాను. ఆవిడ స్కూల్ క్యాంటీన్లో పనిచేసి రిటైరైన మనిషి, అద్దె ఇల్లు. ఇదే పిల్లల్ని పరాయి ఇంట్లో పెడితే అదే కౌంటీ అదే డబ్బు ఇస్తుంది, అది పిల్లల కోసం పెట్టిన డబ్బు, మీకు ఇస్తున్న జీతం కాదు అని చెప్పాను. అప్పటికి తల ఊపింది కానీ, నిజంగా ఒప్పుకున్నది పిల్లాడికి కళ్లజోడు, అమ్మాయికి పళ్ల క్లిప్పులు ఒకే నెలలో వచ్చిపడ్డప్పుడు.

ఈ కేసులో అసలు చిక్కు తేదీ దగ్గర వచ్చింది. కిన్‌గ్యాప్ భృతి మొదలయ్యేనాటికి పిల్లకి పదహారు నిండకపోతే, మామూలుగా పద్దెనిమిదికి ఆగిపోతుంది. హైస్కూల్ పూర్తి కావాల్సి ఉంటే ఇంకొంచెం సాగుతుంది, అంతే. పదహారు నిండాక మొదలైతే మాత్రం ఇరవై ఒకటి దాకా వస్తుంది. దానికి షరతులు ఐదు, అందులో ఏదో ఒకటి ఉంటే చాలు: హైస్కూల్ చదువుతుండటం, కాలేజీలోనో వృత్తి శిక్షణలోనో ఉండటం, నెలకి 80 గంటలు పనిచేయడం, ఉద్యోగానికి అడ్డంకులు తొలగించే కార్యక్రమంలో ఉండటం, లేదా ఆరోగ్య కారణంతో ఇవేవీ చేయలేకపోవడం. అలాగే పదహారు దాటాక సంరక్షకత్వంలోకి వెళ్లిన పిల్లలకి ఛేఫీ పథకం కింద చదువు గ్రాంటు కూడా వర్తిస్తుంది. అది ఏడాదికి 5,000 డాలర్ల దాకా. అక్టోబర్‌లో కేసు మూస్తే ఇవన్నీ చేజారతాయి. నెలకి వెయ్యి డాలర్ల పైన వచ్చే భృతిని రెండు మూడేళ్ల లెక్కన చూస్తే, నాలుగు నెలల తొందరకి ఆ ఇల్లు ఎంత కట్టాల్సి వచ్చేదో తెలుస్తుంది.

కేసు త్వరగా మూయాలన్న ఒత్తిడి ప్రతి ఆఫీసులోనూ ఉంటుంది. దాని వెనక చెడ్డ ఉద్దేశం లేదు. పిల్లలు ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగకూడదనే ఆ గడువులు పెట్టారు. కానీ పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లల కేసుల్లో హియరింగ్ తేదీ అడిగేముందు పుట్టినతేదీ చూడటం వర్కర్ కనీస బాధ్యత. నా దగ్గర శిక్షణకి వచ్చేవాళ్లకి ఫైలు తెరవగానే మొదటి పేజీ మీద పదహారు నిండే తేదీ, పద్దెనిమిది నిండే తేదీ ఎర్ర సిరాతో రాయమంటాను.

వాయిదా అడగాలంటే ముందు అమ్మాయి తరఫు లాయర్ ఒప్పుకోవాలి. ఆవిడకి ఇంకో అభిప్రాయం ఉంది, అది తీసిపారేయదగింది కాదు. "పదహారుకి కూడా ఎందుకు? పద్దెనిమిది దాకా ఫాస్టర్ కేర్‌లోనే ఉంచండి" అంది. కాలిఫోర్నియాలో 2010లో వచ్చిన ఏబీ 12 చట్టం ప్రకారం, పద్దెనిమిది నిండేనాటికి ఫాస్టర్ కేర్‌లో ఉన్న పిల్లలు ఇరవై ఒకటి దాకా అందులో కొనసాగవచ్చు. సొంత గదిలో ఉంటే డబ్బు వాళ్ల చేతికే వస్తుంది. నెలనెలా సోషల్ వర్కర్ కలుస్తారు. పైగా పద్దెనిమిదో పుట్టినరోజున ఫాస్టర్ కేర్‌లో ఉన్నవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా 26 ఏళ్ల దాకా మెడి-కాల్, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి రాష్ట్రం ఇచ్చే ఆరోగ్య బీమా. ఇలా ఎక్కువకాలం వ్యవస్థలో ఉన్నవాళ్లు కాలేజీలో చేరడం, ఇల్లు లేక రోడ్డున పడకుండా ఉండటం మెరుగ్గా ఉందని ఈ రాష్ట్రంలోనే జరిగిన కాల్‌యూత్ అధ్యయనం చూపించింది. లాయర్ దాన్ని ముందుపెట్టింది.

ఇద్దరం వాదించుకోవడం కంటే అమ్మాయి ముందే పెడదామనుకున్నాం. పద్నాలుగు దాటిన పిల్లని ఈ ఏర్పాటు గురించి సంప్రదించి తీరాలని కేంద్ర చట్టమే చెప్తుంది. సంప్రదించడమంటే "నీకు ఇష్టమేనా?" అని అడిగి టిక్కు పెట్టుకోవడం కాదు. అమ్మమ్మ వంటింటి బల్ల మీద పెద్ద కాగితం పరిచి మూడు గళ్లు గీశాం: అక్టోబర్‌లో సంరక్షకత్వం, ఫిబ్రవరి తర్వాత సంరక్షకత్వం, పద్దెనిమిది దాకా ఫాస్టర్ కేర్. ఒక్కోదాని కింద డబ్బు ఎంత, ఎవరి చేతికి, ఎప్పటిదాకా, బీమా ఎప్పటిదాకా, స్కూల్ టూర్‌కి ఎవరి సంతకం కావాలి, ఇంటికి ఎవరు వస్తారు అని రాసుకుంటూ పోయాం. రెండో గడిలో భృతి అమ్మమ్మ పేరు మీద వస్తుందని, తన చేతికి రాదని అమ్మాయికి అప్పుడే తెలిసింది. 26 దాకా బీమా పోతుందని కూడా అక్కడే రాశాం. ఇరవై ఒకటి తర్వాత ఆదాయం తక్కువుంటే మామూలు మెడి-కాల్‌కి దరఖాస్తు చేసుకోవచ్చు కాబట్టి బొత్తిగా దారి లేకుండా పోదని, అయితే అది తనంతట తనే చేసుకోవాలని లాయర్ వివరించింది.

అమ్మాయి ఆ కాగితాన్ని తన గదిలో గోడకి అతికించుకుని కొన్ని రోజులు చూసుకుంది. చివరికి ఫోన్ చేసి రెండో గడి అంది. "నెలకోసారి ఎవరో వచ్చి నా మంచం, ఫ్రిజ్ చూసి రాసుకుని పోతారు. నా ఫ్రెండ్స్ ఇంట్లో ఉంటే సిగ్గేస్తుంది. ఇది మా అమ్మమ్మ ఇల్లు. నాకు ఇల్లులా ఉండాలి." ఆ తర్వాత లాయర్ మనస్ఫూర్తిగా మా వైపు నిలబడి వాయిదా అడిగింది. జడ్జి ఫిబ్రవరి చివరికి ఇచ్చారు.

మధ్యలో దొరికిన నాలుగు నెలల్ని కాగితాల పనికి వాడుకున్నాం. పద్దెనిమిది దాటి ఫాస్టర్ కేర్ నుంచి బయటికి వెళ్లేవాళ్లకి జనన ధ్రువపత్రం, సోషల్ సెక్యూరిటీ కార్డు, వైద్య రికార్డులు, గుర్తింపు కార్డు, ఫాస్టర్ కేర్‌లో ఉన్నట్టు రుజువు పత్రం ఇవ్వాలని కేంద్ర చట్టం చెప్తుంది. పదహారుకే సంరక్షకత్వంలోకి వెళ్లే పిల్ల ఆ లెక్కలోకి రాదు. అయినా అవన్నీ సంపాదించాం. కేసు మూతపడ్డాక అడిగితే ఫైలు ఏ గోదాములో ఉందో వెతకాల్సి వస్తుంది.

క్రెడిట్ రిపోర్టు దగ్గర ఒక విషయం బయటపడింది. ఫాస్టర్ కేర్‌లో పద్నాలుగు దాటిన పిల్లలకి ఏటా క్రెడిట్ రిపోర్టు తీయించాలి. మామూలుగా ఏమీ రాదు, రాకూడదు కూడా. ఈ అమ్మాయి పేరు మీద మాత్రం కట్టని కరెంటు బిల్లు ఒకటి వచ్చింది. ఖాతా తెరిచేనాటికి ఆమెకి తొమ్మిదేళ్లు. ఇల్లు గడవని రోజుల్లో తల్లి కూతురి సోషల్ సెక్యూరిటీ నంబర్ వాడేసింది. అమ్మాయి రిపోర్టు చూసి ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి "దీనివల్ల అమ్మని జైల్లో పెడతారా?" అని మాత్రం అడిగింది. ఖాతా తెరిచినప్పుడు మైనర్ అని రుజువు చూపిస్తే చాలునని, ఎవరి మీదా కేసు పెట్టాల్సిన పనిలేదని చెప్పి, ఆమె చేతే ఉత్తరం రాయించాను. ఆ బిల్లు రికార్డు నుంచి తొలగించారు. ఇది ఇరవై ఏళ్లకి అద్దె ఇంటి దరఖాస్తులో బయటపడి ఉంటే ఒంటరిగా తేల్చుకోవాల్సి వచ్చేది.

భృతి ఒప్పందంలో ఇంకో ముఖ్యమైన గడి, వారసుడిగా వచ్చే సంరక్షకుడి పేరు. 2014 చట్ట సవరణ తర్వాత, సంరక్షకురాలు చనిపోయినా చేతకాకపోయినా భృతి ఆగకుండా ఇంకొకరికి మారేలా ఆ పేరు ముందే రాసుకోవచ్చు. అమ్మమ్మకి అరవై దాటాయి, షుగర్ ఉంది. ఆవిడ ఆ గడి ఖాళీగా వదిలేద్దామంది, చావు మాట ఎందుకని. పిల్లల మేనమామ స్టాక్టన్‌లో ఉంటాడు, లారీ నడుపుతాడు. అతన్నే పిలిపించి కూర్చోబెట్టాం. "అమ్మా, నువ్వు నూరేళ్లు ఉండు. కాగితం మీద మాత్రం నా పేరు రాయి" అన్నాడు. రాసింది. అప్పటికే పద్దెనిమిది దాటి ఉంటే, అమ్మమ్మ లేని పక్షంలో అమ్మాయికి ఇరవై ఒకటి లోపు కోర్టుని అడిగి ఫాస్టర్ కేర్‌లోకి తిరిగి వెళ్లే హక్కు కూడా ఉంది. అదీ రాసి చేతికిచ్చాం.

ఫిబ్రవరి హియరింగ్ పది నిమిషాల్లో అయిపోయింది. కోర్టు ఆర్డర్ కంటే ముందే భృతి ఒప్పందం మీద సంతకాలు పడాలి, వరస తారుమారైతే చిక్కు. అందుకని ఆ ఉదయమే మళ్లీ ఒకసారి కాగితాలు సరిచూసుకుని లోపలికి వెళ్లాం.

తర్వాతి రెండేళ్లలో నాకు చెప్పుకోదగ్గ పనేమీ పడలేదు. అమ్మాయి మా సంస్థలో నెలకోసారి జరిగే క్లాసులకి వచ్చేది, బ్యాంకు ఖాతా, ట్యాక్సులు, అద్దె ఒప్పందం చదవడం లాంటివి నేర్చుకునేది. తమ్ముణ్ని కూడా తీసుకొచ్చి వెనక కూర్చోబెట్టేది.

పద్దెనిమిది నిండిన తర్వాతి నెల భృతి రాలేదు. పొడిగింపు ఒప్పందం మీద అమ్మాయి, అమ్మమ్మ ముందే సంతకాలు చేసిచ్చారు. అది ఒక ఆఫీసు బల్ల మీద ఆగిపోయింది, ఇటు కంప్యూటర్ వయసు చూసి చెల్లింపు ఆపేసింది. అద్దె ఆలస్యమైందని ఇంటాయన నోటీసు పెట్టాడు. మా సంస్థ అత్యవసర నిధి నుంచి కొంత సర్దాం, బకాయితో సహా డబ్బు తర్వాత వచ్చింది. అప్పట్నుంచి మా దగ్గర పద్దెనిమిది దగ్గరపడే ప్రతి పిల్ల విషయంలో ఒప్పందం అందినట్టు ముద్రతో కాపీ తీసుకుంటున్నాం.

కాలేజీలో ఆర్థిక సాయం ఆఫీసు అమ్మమ్మ ఆదాయం వివరాలు అడిగింది. "నువ్వు ఇప్పుడు ఫాస్టర్ కేర్‌లో లేవుగా" అన్నారట. పదమూడేళ్లు దాటాక ఎప్పుడైనా ఫాస్టర్ కేర్‌లో ఉన్న విద్యార్థిని కేంద్ర సాయం దరఖాస్తులో స్వతంత్ర విద్యార్థిగానే లెక్కిస్తారు, ఇంట్లోవాళ్ల ఆదాయం అడగక్కర్లేదు. అమ్మాయి నాకు ఫోన్ చేయలేదు. మేం ఇచ్చిన ఫోల్డర్లోంచి రుజువు పత్రం తీసి చూపించి, పని పూర్తయ్యాక చెప్పింది. ఇప్పుడు కమ్యూనిటీ కాలేజీలో రేడియాలజీ టెక్నీషియన్ కోర్సుకి ముందు చదవాల్సిన సబ్జెక్టులు చేస్తోంది, వారాంతాల్లో కిరాణా దుకాణంలో పని.

ఆంధ్ర, తెలంగాణ జిల్లాల్లో బాలల సంరక్షణ యూనిట్లలో పనిచేసే మిత్రులతో మాట్లాడినప్పుడు, సంస్థలో పెరిగిన పిల్లకీ బంధువుల ఇంట్లో పెరిగిన పిల్లకీ మధ్య ఇదే గీత అక్కడా కనిపిస్తుంది. మిషన్ వాత్సల్య కింద, తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరుగుతున్న పిల్లలకి స్పాన్సర్‌షిప్‌గా నెలకి 4,000 రూపాయలు ఇవ్వవచ్చు. అది పద్దెనిమిదితో సరి. పద్దెనిమిది నుంచి ఇరవై ఒకటి దాకా, ప్రత్యేక పరిస్థితుల్లో ఇరవై మూడు దాకా ఇచ్చే ఆఫ్టర్‌కేర్ సాయాన్ని 2015 బాలల న్యాయ చట్టం సంస్థల నుంచి బయటికి వచ్చినవాళ్లకి అని నిర్వచించింది. పిల్లల్ని హోమ్‌లో వదలకుండా ఇంట్లో పెంచిన అమ్మమ్మ ఇంటర్ తర్వాత ఫీజు ఎలా కట్టాలో తెలియక నిలబడితే, చట్టం ఆమెకి చెప్పే సమాధానం లేదు. పిల్లల్ని సంస్థల్లో కాదు, కుటుంబాల్లో పెంచాలని మనమే అంటున్నాం కదా. ఆఫ్టర్‌కేర్‌ని బంధువుల ఇళ్లల్లో పెరిగిన పిల్లలకీ విస్తరించాలని అడగాల్సినవాళ్లం ఆ పిల్లల్ని రోజూ చూసే మనమే.

ఇక తమ్ముడు. అక్కతోపాటు అదే రోజు, అదే కోర్టులో, అదే అమ్మమ్మ సంతకంతో అతని ఒప్పందం కూడా మొదలైంది. అప్పటికి తొమ్మిదేళ్లు. కాబట్టి అతని భృతి పద్దెనిమిదికి ఆగిపోతుంది. అతన్ని పదహారు దాకా ఫాస్టర్ కేర్‌లో ఉంచడం ఏ రకంగానూ సరైన పని కాదు, ఏడేళ్లు కోర్టు నీడలో పెరగాలి. చిన్నప్పుడే స్థిరమైన ఇల్లు దొరికిన పిల్లవాడికి పద్దెనిమిది తర్వాత తక్కువ, ఆలస్యంగా దొరికినవాళ్లకి ఎక్కువ అన్న ఈ లెక్క మారాలంటే చట్టం మారాలి. మా సంస్థ ఆ మాట రాష్ట్ర చట్టసభ కమిటీల ముందు చెప్తూనే ఉంది. అతనికి ఇప్పుడు పన్నెండు. అమ్మమ్మ అతని పేరు మీద పొదుపు ఖాతా తెరిచింది, స్టాక్టన్‌లో మేనమామ ఇంటికి దగ్గరగా తక్కువ అద్దెకి ఇల్లు చూస్తోంది. ఊరు మారినా, రాష్ట్రం మారినా భృతి వెంట వస్తుందని రాతపూర్వకంగా తెప్పించి ఇచ్చాం. వచ్చే నెల ఆ ఇల్లు చూడటానికి అక్క కూడా వెళ్తోంది, అక్కడి నుంచి కాలేజీకి రైలు ఎన్ని గంటలకి ఉందో చూసుకోడానికి.